నల్లరేగడి మీద వాకిలి: ఒక ఇంటికి పేవర్ బ్లాకులు, బండల లెక్క వేసిన తీరు

నంద్యాల శివార్లలోని ఒక కొత్త కాలనీలో ఇల్లు పూర్తయింది. రంగులు కూడా అయిపోయాయి. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. మిగిలింది ఇంటి చుట్టూ నేల. యజమాని రిటైరైన ఉపాధ్యాయుడు. ఒక కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్ నా చేతిలో పెట్టి, "ఇంజనీరు గారూ, ఇందులో ఎక్కువేమైనా రాశారేమో చూడండి" అన్నారు.

అందులో ఉన్నవి మూడే వరుసలు. పేవర్ బ్లాకులు 372 చదరపు అడుగులు, వృథా పది శాతం కలిపి 409. బండలు 272 చదరపు అడుగులు. కింద నాలుగంగుళాల ఇసుక పరిచి, కూలీతో సహా చదరపు అడుగుకి ఇంత అని ఒక రేటు. మాస్టారి అనుమానం నిజమే, బ్లాకుల దగ్గర ఎక్కువ రాశారు. అయితే బ్లాకుల కింద ఉండవలసింది అసలు రాయనే లేదు. ఆ రెండో సంగతి ఆయన అడగలేదు, కానీ ఈ కేసంతా దాని చుట్టూనే నడిచింది.

రేట్లు ఇక్కడ ఇవ్వడం లేదు. అవి ఊరూరికీ, నెలనెలకీ మారతాయి. పరిమాణాలు మాత్రం ఎవరైనా తమ ఇంటికి సరిచూసుకోవచ్చు.

స్థలం

ప్లాటు 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, తూర్పు ముఖం. ఇల్లు 26 అడుగులు, 38 అడుగులు. ఉత్తరాన 10 అడుగులు వదిలారు, దక్షిణాన 4, ముందు 14, వెనుక 8. పెద్ద గేటూ, దాని పక్కనే చిన్న గేటూ ఈశాన్యం వైపు ఉన్నాయి. కారు ఉత్తరపు సందులోకి వెళ్లి ఆగుతుంది. అంటే డ్రైవ్‌వే 10 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు. రెండు గేట్లనూ కలుపుకోవడానికి గేటు దగ్గర అది 14 అడుగులకు విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న ముక్క 4 అడుగులు, 6 అడుగుల భుజాలున్న త్రిభుజం, 12 చదరపు అడుగులు. మొత్తం 372. కాంట్రాక్టరు కొలత ఇంతవరకు సరిగ్గానే ఉంది.

అయితే మన ఇళ్లలో ఈశాన్యంలో ఇంకొకటి ఉంటుంది, సంపు. ఇక్కడా ఉంది, అదీ కారు దారికి నట్టనడుమ. దాని పైకప్పు బయటి కొలత 7 అడుగులు, 9 అడుగులు. అది 63 చదరపు అడుగుల కాంక్రీటు. దాని మీద కంకరా అక్కర్లేదు, మట్టి తవ్వడమూ లేదు, ఈ ఇంట్లో అయితే బ్లాకులు కూడా పట్టవు. ఎందుకు పట్టవో తర్వాత చెబుతాను. 372లోంచి 63 తీసేస్తే బ్లాకుల విస్తీర్ణం 309 చదరపు అడుగులు, అంటే 28.7 చదరపు మీటర్లు. సంపు స్లాబు కారు బరువుకు వేసిందేనా అని ముందు స్ట్రక్చరల్ డ్రాయింగ్ తెప్పించి చూశాను. ఆరంగుళాల స్లాబు, కారు బరువు లెక్కలో ఉంది. లేకపోతే ఈ డ్రైవ్‌వే ఆలోచననే మార్చుకోవలసి వచ్చేది.

మిగతా రెండు పనులు చిన్నవి. దక్షిణపు సందు పొడవునా కాలిబాట. ఇంటి ముందు సాయంత్రం కూర్చోవడానికి బండలు పరిచిన అరుగులాంటి జాగా, 12 అడుగులు, 10 అడుగులు.

టేపు కంటే ముందు నీళ్ల పైపు

నేల పరిచే పనిలో పొడవు, వెడల్పు తప్పుగా కొలిచేవాళ్లు అరుదు. లెక్క తేడా కొట్టేది మూడో కొలతలో, లోతులో. నేల ఇప్పుడు ఎక్కడ ఉంది, పని అయ్యాక ఎక్కడ ఉండాలి అన్నవి తేలకుండా ఒక్క తట్ట మొరం (గరుకు గ్రావెల్ మట్టి) కూడా లెక్కకు రాదు.

పారదర్శకంగా ఉండే ట్యూబ్ లెవెల్ చాలు, ఖరీదైన పరికరం అవసరం లేదు. కాకపోతే పైపులో నీళ్లు నింపాక రెండు కొసలనూ పక్కపక్కన పట్టుకుని నీటి మట్టాలు ఒకే గీతకు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే మధ్యలో ఎక్కడో గాలి బుడగ ఉన్నట్టే. వేలితో తడుతూ అది బయటికి పోయేదాకా పైపును ఎత్తిపట్టాలి. చాలామంది మేస్త్రీలు ఈ ఒక్క నిమిషం ఆగరు. తర్వాత గేటు స్తంభం మీద పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టి, అదే మట్టాన్ని కాంపౌండ్ గోడ పొడవునా ప్రతి ఆరడుగులకూ గీశాం. ప్రతి గీత నుంచి నేలకు టేపుతో కొలిచి రాసుకున్నాం.

వచ్చిన సంగతులు ఇవి. గేటు దగ్గర లోపలి నేల రోడ్డు అంచు కంటే అంగుళం కింద ఉంది. మన ఊళ్లలో రోడ్డు మీద రోడ్డు వేస్తారు కాబట్టి వాకిలి రోడ్డు కంటే మూడంగుళాలైనా పైన ఉండాలని పట్టుబట్టాను. అంటే గేటు దగ్గర పూర్తయిన మట్టం ఇప్పటి నేలకు 4 అంగుళాలు పైన. అక్కడి నుంచి లోపలికి ఐదడుగులకు అంగుళం చొప్పున ఎత్తు పెరగాలి, లేకపోతే వాన నీరు కారు కిందే నిలుస్తుంది. 36 అడుగులకు ఇది సుమారు ఏడుంపావు అంగుళాలు. నేల కూడా అటువైపు ఒక అంగుళం ఎత్తుగా ఉంది. కాబట్టి పడమటి చివర పూర్తయిన మట్టం నేలకు పదింపావు అంగుళాలు పైన వస్తుంది. వాలు ఈశాన్యానికే కావడంతో వాస్తు గురించి మాస్టారికి మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

పొరలు

నంద్యాల నల్లరేగడి గురించి ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత నెర్రెలు, వానాకాలంలో ఉబ్బు. దాని మీద నాలుగంగుళాల ఇసుక పోసి బ్లాకులు పెడితే, ఇసుక నీళ్లను పట్టుకుని నేరుగా రేగడికి తాగిస్తుంది. రెండు వానాకాలాలు పోయేసరికి చక్రాల దారి కిందికి, మధ్య భాగం పైకి వచ్చి వాకిలి దోనెలా తయారవుతుంది. అదే వీధిలో అలాంటి వాకిలి ఒకటి ఉంది. మాస్టారిని అక్కడికి తీసుకెళ్లి చూపించాను.

ఉబ్బే మట్టి మీద ఉబ్బని, కాస్త జిగురున్న మట్టి పొరను కుదించి వేసే పద్ధతి మన దేశంలో పాతదే. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధనల వల్ల అది కాలువల పనుల్లో స్థిరపడింది. ఇంటి వాకిలికి అంత మందం అవసరం లేదు, సూత్రం మాత్రం అదే. నేను తీసుకున్న పొరలు: అడుగున మొరం 9 అంగుళాలు, దాని మీద వెట్ మిక్స్ కంకర (రకరకాల సైజుల కంకర, పొడి, నీళ్లు కలిపినది) 6 అంగుళాలు, ఆపైన ఇసుక 30 మిల్లీమీటర్లు, 60 మిల్లీమీటర్ల బ్లాకు. అన్నీ కుదించిన తర్వాతి మందాలే. మొత్తం సుమారు పద్దెనిమిదిన్నర అంగుళాలు.

లెవెల్స్ అక్కరకొచ్చేది ఇక్కడే. గేటు దగ్గర నేలకు 4 అంగుళాలు పైకి వెళ్తున్నాం కాబట్టి తవ్వాల్సింది పద్నాలుగున్నర. పడమటి చివర ఎనిమిదింపావు చాలు. సగటు 11.4 అంగుళాలు. బ్లాకులు పక్కలకు జరగకుండా పోసే అంచు కాంక్రీటు కిందికి కూడా పొరలు పోవాలి గనుక 309కి 19 కలిపి 328 చదరపు అడుగులు తీసుకున్నాను. తవ్వకం 312 ఘనపుటడుగులు. లెవెల్ చూడకుండా అంతటా అడుగున్నర తవ్వండని చెప్పి ఉంటే 492 అయ్యేది. ఆ తేడా 180 ఘనపుటడుగులకు తవ్వే కూలీ, ఎత్తిపోసే కూలీ, మళ్లీ నింపే మొరం మూడూ దండగ.

తవ్విన రేగడి వదులై మూడో వంతు దాకా పెరుగుతుంది. కాలిబాట, అరుగు తవ్వకాలు కూడా కలిపి ఆరు యూనిట్ల మట్టి బయటికి పోవాలి. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. దానిలో కొంత ముందు మొక్కల మడికి ఉంచుకున్నాం. వాకిలి కింద మాత్రం ఒక్క పార రేగడి కూడా తిరిగి పడకూడదు.

మొరం, కంకర లెక్కలో ఎక్కువమంది మరిచిపోయేది కుదింపు. లారీలోంచి పడ్డ మొరం దిమ్మిస కింద, రోలరు కింద అంతే ఎత్తు ఉండదు. 328 చదరపు అడుగులకు 9 అంగుళాలంటే 246 ఘనపుటడుగులు, కానీ కొనాల్సింది దానికి 1.3 రెట్లు, 320. వెట్ మిక్స్ 164, కొనాల్సింది 213. క్రషర్ వాళ్లు వెట్ మిక్స్‌ను వేబ్రిడ్జి మీద టన్నుల్లో అమ్ముతారు. 213 ఘనపుటడుగులు సుమారు 10.2 టన్నులు. 11 అడిగాం.

ఒక లెక్క మాస్టారిని ఆశ్చర్యపరిచింది. డ్రైవ్‌వే మీద కనపడే బ్లాకుల బరువంతా కలిపి నాలుగు టన్నుల పైచిలుకు. వాటి కింద కనపడకుండా పోయే మొరం, కంకర కలిపితే 24 టన్నుల దాకా ఉంటుంది. "భూమిలో పూడ్చేదానికి ఇంతా?" అన్నారు. కొటేషన్‌లో ఆ 24 టన్నుల స్థానంలో ఉన్నది ఇసుక ఒక్కటే.

బ్లాకులు

కాంట్రాక్టరు జిగ్‌జాగ్ బ్లాకు రాశాడు. నేను 200, 100 మిల్లీమీటర్ల దీర్ఘచతురస్రం బ్లాకుకు మార్చాను. దీనిని సగానికి కోస్తే రెండు సగాలూ పనికొస్తాయి. జిగ్‌జాగ్‌కు అంచు ముక్కలు వేరుగా కావాలి, దొరక్కపోతే ప్రతి అంచులో సిమెంటు పూసి కప్పేస్తారు. పరిచే వరుస హెరింగ్‌బోన్, అంటే ఒకటి అడ్డం, ఒకటి నిలువు ఒకదానికొకటి పొసగేలా. కారు బ్రేకు వేసినప్పుడు తిన్నని వరుసలు జరుగుతాయి, ఇవి జరగవు. వరుస 90 డిగ్రీల్లో పెట్టాం. 45 డిగ్రీల్లో పెడితే చూడటానికి బాగుంటుంది కానీ అంచులన్నిటా త్రిభుజాలు కోయాలి, వృథా రెట్టింపవుతుంది.

మందం విషయంలో పేవర్ బ్లాకులకున్న భారత ప్రమాణం ఐఎస్ 15658 స్పష్టంగానే ఉంది. ఇళ్ల దగ్గరి తేలిక వాహనాలకు 60 మిల్లీమీటర్లు, ఎం-35 కాంక్రీటు (ఎం పక్క అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది). కాకపోతే ఒక ప్రశ్న అడగాలి: వేసవిలో నీళ్ల ట్యాంకరు లోపలికి వస్తుందా? వస్తే 80 మిల్లీమీటర్లకు వెళ్లాలి, కింది పొరలూ, సంపు స్లాబూ మళ్లీ చూడాలి. ఈ వీధిలో ట్యాంకరు రోడ్డు మీదే ఆగి పైపు వేస్తుంది. 60 చాలు.

సంఖ్యకు వద్దాం. బ్లాకుల మధ్య 3 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. సందు లెక్కలోకి తీసుకుంటే చదరపు మీటరుకు 47.8 బ్లాకులు, తీసుకోకపోతే 50. అమ్మేవాళ్లు 50 అనే చెబుతారు. ఇక అంచు. గోడల వెంట, గేటు దగ్గర, సంపు చుట్టూ కలిపి అంచు 129 అడుగులు, 39.3 మీటర్లు. దాని వెంట బొగ్గు రంగు బ్లాకులు పొడవుగా ఒక వరుస, 194 కావాలి. ఆ వరుస నాలుగు చదరపు మీటర్లు తీసుకోగా మిగిలిన 24.65 చదరపు మీటర్లకు బూడిద రంగువి 1178. దాని మీద ఐదు శాతం కోతకు, మరో ఇరవై అటక మీద దాచుకోవడానికి. రెండేళ్ల తర్వాత ఒక బ్లాకు పగిలితే అదే రంగు దొరకదు. అలా బూడిదవి 1260, బొగ్గువి 215 రాశాను. మొత్తం 1475. కొటేషన్ ప్రకారం 409 చదరపు అడుగులకు వచ్చేవి 1900 పైన.

తయారీదారు దగ్గర పరీక్ష రిపోర్టు అడగాలి, నిజమే. దానితో పాటు నేను చేసే ఇంకో పని బ్లాకును తూకం వేయడం. ఈ బ్లాకు ఘనపరిమాణం 1.2 లీటర్లు. గట్టిగా కుదించిన కాంక్రీటు అయితే 2.8 కిలోలకు అటూ ఇటూ తూగాలి. ఒక చోట తెచ్చిన నమూనాలు కిరాణా కొట్టు త్రాసులో రెండున్నర కిలోలు దాటలేదు. అంచు గోటితో గీకితే ఇసుక రాలింది. రిపోర్టు చూడకుండానే అక్కడి నుంచి వచ్చేశాం.

బ్లాకుల కింది ఇసుక 309 చదరపు అడుగులకు 30 మిల్లీమీటర్లు. అది కుదించాక 30 ఘనపుటడుగులు, వదులుగా 38. సందుల్లో నింపడానికి కలిపి 45. క్రషర్ డస్ట్ చౌక అని చాలామంది దాన్నే పరుస్తారు. అందులోని మెత్తటి పొడి నీళ్లు పట్టుకుని బురదవుతుంది, నేను ఒప్పుకోను.

సంపు మీద

ముందు చెప్పిన చిక్కు ఇది. సంపు స్లాబు సమతలంగా ఉంది, దాని మీదుగా వెళ్లే వాకిలి వాలుగా ఉంది. గేటు వైపు అంచున స్లాబుకూ, పూర్తయిన మట్టానికీ మధ్య 2 అంగుళాలే. తొమ్మిదడుగులు దాటి అవతలి అంచుకు వచ్చేసరికి 3.8 అంగుళాలు. బ్లాకూ, ఇసుకా కలిపి మూడున్నర అంగుళాలు కావాలి. ఒక కొసన పడుతుంది, ఇంకో కొసన పట్టదు. బ్లాకుల్ని కింద చెక్కించి సర్దుతానన్నాడు మేస్త్రీ. అలా చేస్తే ఆ వరుస మొదటి ఏడాదే లేచిపోతుంది.

అందుకే అక్కడ అంగుళం మందం బండ, కింద సిమెంటు మాలు. మాలు ఒక వైపు అంగుళం, ఇంకో వైపు 2.8, సగటున 1.9. ఈ సగటు చూడకుండా మామూలు మందం రాసి ఉంటే సిమెంటు, ఇసుక ఇక్కడే తగ్గిపోయేవి. బండ కింద ఎక్కడా బోలు ఉండకూడదు, కారు చక్రం సరిగ్గా బోలు మీదే ఎక్కుతుంది. ప్రతి బండనూ కర్రతో తట్టి, డొల్ల మోత వస్తే ఎత్తి మళ్లీ పెట్టించాం. మూత చక్రాల దారిలో పడకుండా ఉత్తరపు గోడ వైపు ఉండటం అదృష్టం. గోడకూ సంపుకూ మధ్య మిగిలిన అడుగు జాగాలో బ్లాకులు పొడవుగా మూడు వరుసలు కోత లేకుండా అమిరాయి.

బండలు: అమ్మే కొలత, పరిచే కొలత

బేతంచెర్ల పక్కనే ఉండగా బండ కోసం దూరం వెళ్లడమెందుకు? పాలిష్ లేనిదే తీసుకోవాలి, ఆరుబయట పాలిష్ బండ వానకు జారుతుంది. డిపోలో రెండడుగుల బండ అని చూపించిన దాన్ని టేపు పెట్టి కొలిస్తే 22 అంగుళాలు. బిల్లు మాత్రం బండకు 4 చదరపు అడుగుల లెక్కన. నిజానికి అది 3.36. నూరు బండల్లో 64 చదరపు అడుగులు గాలికి పోతాయి. దీని మీద డిపోతో గొడవ పడటం దండగ, ఆ వ్యాపారం అలాగే నడుస్తోంది. బండకు ఇంత అని ముక్కల లెక్కన రేటు మాట్లాడుకుని, ఎన్ని ముక్కలో మనమే గీసుకుని వెళ్తే సరిపోతుంది.

గీసుకున్నాం. పావు అంగుళం సందుతో ఒక బండకు 22.25 అంగుళాలు. దక్షిణపు సందు నాలుగడుగులు, అంటే 48 అంగుళాలు. రెండు బండలు పక్కపక్కన పెడితే నలభై నాలుగున్నరకు లోపే. మిగిలిన మూడు ముప్పావు అంగుళాలు కాంపౌండ్ గోడ వెంట చిన్న కాలువగా మలిచాం. కప్పు మీది నీళ్లు రేగడిలోకి ఇంకకుండా రోడ్డుకు పోవడానికి అది కావలసిందే. పొడవు 38 అడుగులకు 20 పూర్తి వరుసలు, చివర సగం వరుస. ఒక బండను రెండుగా కోస్తే ఆ సగం వరుస పూర్తవుతుంది. 41 బండలు, ఒక్క కోత.

అరుగు దగ్గర మాస్టారు 12 అడుగులు, 10 అడుగులు అనుకున్నారు. బండ కొలతకు అది పొసగదు. రెండు వైపులా అరకొర ముక్కలు వస్తాయి. అవి జాగ్రత్తగా కోస్తే 36 బండల్లో అయిపోతుంది, కానీ పొరలున్న బండను కోసేటప్పుడు అంచులు విచ్చుతాయి. ఏడు వరుసలు, ఆరు వరుసలు చేస్తే ఒక్క కోత లేకుండా 42 బండలతో సుమారు 13 అడుగులు, 11 అడుగులు వస్తుంది. ఆరు బండలు ఎక్కువ, జాగా 24 చదరపు అడుగులు ఎక్కువ. ఆయన వెంటనే సరేనన్నారు. ఒక మూల గుండ్రంగా ఉండాలన్నది మాత్రం అమ్మగారి కోరిక. గుండ్రం వల్ల తగ్గేది మూడున్నర చదరపు అడుగులే అయినా నాలుగైదు బండలు కోతకు గురవుతాయి, తగ్గింపేమీ ఉండదు. ఆ మూలకు బండలు పూర్తిగా లెక్కలోనే ఉంచాను.

సంపు మీద నాలుగు వరుసలు, ఐదు వరుసలు, 20 బండలు. అన్నీ కలిపి 103, పగుళ్లకు ఐదు కలిపి 108. ఒక్కో బండ ఇరవై కిలోల పైనే, మొత్తం రెండు టన్నులు దాటుతుంది. బ్లాకుల లారీలోనే వీటినీ వేసుకొద్దామన్న ఆలోచన అక్కడితో ఆగింది.

కాలిబాట, అరుగు కింద మొరం 6 అంగుళాలు, దాని మీద 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు 3 అంగుళాలు, 40 ఎం.ఎం. కంకరతో. పది అడుగులకొక చోట కాంక్రీటును తెంచాం, నేల కదిలినప్పుడు పగులు మన గీసిన చోటే రావాలని. విస్తీర్ణం 284 చదరపు అడుగులు. కాంక్రీటు 71 ఘనపుటడుగులు, దానికి సిమెంటు 6.9 బస్తాలు, ఇసుక 34, కంకర 67. మాలు 1:6 నిష్పత్తిలో సగటున అంగుళంపావు, సంపు మీది 1.9తో కలిపి మొత్తం 39.6 ఘనపుటడుగులు. సిమెంటు 6.1 బస్తాలు, ఇసుక 45. బండ కింద పోసే సిమెంటు జావకు చదరపు మీటరుకు 4.4 కిలోల చొప్పున, సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) వాళ్లు వాడే లెక్క, మూడు బస్తాల దాకా. డ్రైవ్‌వే అంచు కాంక్రీటు 25 అడుగులు, గేటు కింద 14 అడుగుల దూలం, కలిపి 23 ఘనపుటడుగుల ఎం-20. సిమెంటు 5.3 బస్తాలు, ఇసుక 10, 20 ఎం.ఎం. కంకర 19. ఈ అంచు లేకపోతే ఎంత మంచి బ్లాకు పెట్టినా పక్కలకు జరిగిపోతుంది. కొటేషన్‌లో ఇదీ లేదు.

రాసి ఇచ్చిన పట్టీ

బ్లాకులు: బూడిద 1260, బొగ్గు 215.
బండలు: 22 అంగుళాలవి 108.
మొరం: 505 ఘనపుటడుగులు, డ్రైవ్‌వేకు 320, మిగతాది 185.
వెట్ మిక్స్: 11 టన్నులు.
ఇసుక: 150 ఘనపుటడుగులు.
కంకర: 40 ఎం.ఎం. 70, 20 ఎం.ఎం. 20 ఘనపుటడుగులు.
సిమెంటు: 23 బస్తాలు, లెక్కకు వచ్చింది 22 లోపు.
కోత బ్లేడ్లు: డైమండ్‌వి రెండు. ఇవి ఎవరూ రాయరు, మధ్యలో పని ఆపి బజారుకు పరుగెత్తేది వీటి కోసమే.

పనిలో ఏం జరిగింది

మొరం ట్రాక్టరు లెక్కన వస్తుంది, ట్రాక్టరు అంటే ఒక యూనిట్ అని అమ్మకందారు మాట. తొట్టి లోపల కొలిచాను: పొడవు 9 అడుగులు, వెడల్పు ఐదున్నర, లోతు 1.75. ఇది 87 ఘనపుటడుగులకు కూడా రాదు. కాబట్టి 505కి ఐదు ట్రాక్టర్లు కాదు, ఆరు. చివరికి ఏడు పట్టాయి. కారణం తొట్టి కాదు. డ్రైవ్‌వే మధ్యలో ఒక చోట గడ్డపార సులువుగా దిగిపోతుంటే తవ్వించి చూశాం. ఇల్లు కట్టేటప్పుడు నీళ్ల కోసం తవ్విన గుంట. చెత్తా, సిమెంటు సంచులూ వేసి పైపైన పూడ్చేశారు. ఐదడుగులు, నాలుగడుగుల జాగా, రెండడుగులు అదనంగా తవ్వాల్సి వచ్చింది. ఇలాంటివి ఏ అంచనాలోనూ ముందుగా దొరకవు. అందుకే మొరం మీద ఒక లోడు ఎక్కువయ్యే అవకాశం ఉందని మాస్టారికి మొదటే చెప్పి ఉంచాను.

తవ్వింది ఎండాకాలంలో. అప్పుడు రేగడి పూర్తిగా ఎండి, ముడుచుకుని ఉంటుంది. ఆ స్థితిలోనే కప్పేస్తే వానలకు ఉబ్బేదంతా మన మీదికే వస్తుంది. అడుగు భాగాన్ని బాగా తడిపి, బురద కాకుండా ఆరనిచ్చి, ఆ తర్వాత మొరం రెండు పొరలుగా వేసి ప్లేట్ కంపాక్టర్ తిప్పించాం. చెప్పుతో మడమ గట్టిగా నొక్కితే అచ్చు పడకూడదు, పడితే మళ్లీ నీళ్లు, మళ్లీ కంపాక్టర్. కుదింపు తగ్గిస్తే మొరం మిగిలినట్టు కనిపిస్తుంది. కూలీలకు, కాంట్రాక్టరుకు ఆ మిగులు ఇష్టం. అందుకే మిగిలిన మొరం చూసి సంతోషించే యజమానిని నేను అనుమానంగా చూస్తాను.

ఇసుక 150 సరిపోలేదు, మరో పాతిక ఘనపుటడుగులు తెప్పించాం. బండలు ఒకే మందంలో లేవు, ముప్పావు అంగుళం నుంచి అంగుళంపావు దాకా ఉన్నాయి. పలుచని బండ దగ్గర మాలు మందంగా పడుతుంది, సగటు అంగుళంపావు కాస్తా అంగుళంన్నర అయింది. అరుగు దగ్గరికి వచ్చేసరికి బండల్ని మందాన్ని బట్టి మూడు కుప్పలుగా వేరు చేయించాను. అక్కడి నుంచి వాడకం దారికి వచ్చింది. సిమెంటు 23 బస్తాలూ అయిపోయాయి. బండలు రెండు పగిలాయి. వెట్ మిక్స్ పూర్తిగా పట్టింది.

బ్లాకుల్లో బూడిదవి 36, బొగ్గువి 12 మిగిలాయి. కొటేషన్ లెక్కన తెప్పించి ఉంటే నాలుగు వందలకు పైగా కాంపౌండ్ గోడ పక్కన పేరుకుపోయేవి.

మొత్తం మీద మాస్టారికి ఖర్చు పెరిగింది. బ్లాకుల్లో ఆదా అయింది, బండల రేటులో కొంత ఆదా అయింది, కానీ మొరం, వెట్ మిక్స్, అంచు కాంక్రీటు, కంపాక్టర్ అద్దె కొత్తగా వచ్చి చేరాయి. ఆ కాంట్రాక్టరునే పని చేయమన్నాం, చదరపు అడుగు లెక్కన కాకుండా కూలీ మాత్రమే మాట్లాడుకుని, సామాను యజమాని తెచ్చే పద్ధతిలో. అతనికీ నష్టమేమీ లేదు.

వానాకాలం వెళ్లాక గోడ మీది అవే పెన్సిల్ గీతల నుంచి మళ్లీ కొలిచాం. గుంట పూడ్చిన చోట పావు అంగుళం దిగింది, మిగతా చోట్ల టేపుకు అందేంత తేడా లేదు. కప్పు నీళ్ల గొట్టం పడే చోట మాత్రం సందుల్లో ఇసుక కొట్టుకుపోయింది. గొట్టం కింద మిగిలిన బండ ఒకటి వేసి, నీళ్లు కాలువలోకి మళ్లించి, పొడి ఇసుక చల్లి చీపురుతో సందుల్లోకి నెట్టించాం. మిగిలిన బ్లాకులు మేడ మెట్ల కింద ఉన్నాయి, వాటి మీద తయారీదారు పేరు, రంగు, తెచ్చిన నెల రాసి పెట్టమని మాస్టారికి చెప్పాను.